తప్పు పిల్లల వేళ్లది కాకపోవచ్చు: బేస్ గిటార్ నెక్ సరిచేయడం



బేస్ గిటార్ నేర్చుకుంటున్న మీ బాబు లేదా పాప "వేళ్లు నొప్పిగా ఉన్నాయి, ఇక నా వల్ల కాదు" అంటున్నారా? క్లాసు మాన్పించే ముందు, కొత్త గిటార్ కొనే ముందు ఒక్కసారి ఆ గిటార్ నెక్ చూడండి. తీగలు మరీ ఎత్తుగా ఉంటే వాటిని నొక్కడం పెద్దవాళ్లకే కష్టం. చాలాసార్లు అందుకు కారణం నెక్ వంపు మారడమే.

నెక్ ఎందుకు వంగుతుంది?

శ్రుతి చేసిన బేస్‌లో నాలుగు లావుపాటి తీగలు కలిసి నెక్‌ను సుమారు 75 కిలోల బరువంత బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడును తట్టుకోవడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. అయితే నెక్ చెక్కతో చేసింది కదా! వానాకాలంలో మన ఇంటి తలుపులు బిగుసుకుపోయినట్టే, ఆ చెక్క కూడా తేమను పీల్చుకుంటూ, ఎండలకు వదిలేస్తూ ఆకారం మారుతుంది. వేరే మందం తీగలు వేసినా లాగుడు మారుతుంది.

ఎలా పరీక్షించాలి?

1. ముందు ట్యూనర్‌తో శ్రుతి చేసి, గిటార్‌ను వాయించే భంగిమలో పట్టుకోండి.

2. అన్నిటికన్నా లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒకరు, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకొకరు నొక్కి పట్టండి.

3. 8వ ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూడండి. తీగ కంపించడానికి కాస్త చోటు కావాలి. సుమారు 0.3 మి.మీ., అంటే ఒక విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు.

ఎలా సరిచేయాలి?

సందు ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్ నట్‌ను, దానికి ఎదురుగా నిలబడి, గడియారం ముల్లు తిరిగే వైపు బిగించాలి. సందు అసలు లేకపోయినా, మొదటి ఫ్రెట్లలో జరజరమని శబ్దం వస్తున్నా వదులు చేయాలి. ఒక్కోసారి పావు చుట్టుకు మించి తిప్పకండి. మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవండి. సరైన సైజు అలెన్ కీ మాత్రమే వాడండి, లేకపోతే నట్ అరిగిపోతుంది. నట్ తిరగకపోతే బలవంతం చేయొద్దు. కడ్డీ దెబ్బతింటే నెక్‌నే మార్చాల్సి రావచ్చు. అక్కడితో ఆపి, గిటార్ రిపేరు చేసేవారికి చూపించండి.

నెక్ సరిగ్గానే ఉన్నా తీగలు ఎత్తుగా ఉంటే, వాటిని దించాల్సింది బ్రిడ్జి దగ్గర. దానికోసం ట్రస్ రాడ్ తిప్పకూడదు.

ఎండలో నిలిపిన కారులో గిటార్ వదిలేయకండి. కీ తిప్పే పని పెద్దవాళ్లే చేయండి, కొలిచే పని మాత్రం పిల్లలకు అప్పజెప్పండి. ఇబ్బంది తమ వేళ్లలో కాదు, చెక్కలో ఉందని కళ్లారా చూస్తే, మానేద్దామనుకున్న పిల్లలు కూడా మళ్లీ గిటార్ చేతిలోకి తీసుకుంటారు.