వాన కురిపించాలంటే ఎంతవుతుంది?

"ఆ రాత్రంతా వాన కురుస్తూనే ఉంది."

నా కథలో ఒక వాక్యం ఇది. కుక్కర్ మూడో కూత వేసేలోగా రాసి పడేసిన వాక్యం. వానకి డబ్బులివ్వాలని నాకేం తెలుసు?

"అమ్మా, ఈ వాన ఎంతసేపు కురవాలి?" అనడిగారు ప్రొడక్షన్ మేనేజర్‌గారు, కళ్లజోడు ముక్కు మీదకి జార్చి.

"రాత్రంతా" అన్నాను అమాయకంగా.

ఆయన నవ్వలేదు. కాగితం తీసి వరసగా రాయడం మొదలుపెట్టారు. నీళ్ల ట్యాంకర్లు రెండు. మోటారు, పైపులు, పైన చిల్లుల గొట్టాలు, వాటిని పట్టుకునే మనుషులు. జనరేటర్. తడిలో కరెంటు వైర్లుంటాయి కాబట్టి అదనంగా మరో లైట్‌మ్యాన్. తడిసే ఆర్టిస్టుకి ఒకే రకం చీరలు మూడు. షాటు సరిగ్గా రాకపోతే మళ్లీ పొడి చీరతో మొదలుపెట్టాలి కదా! తువ్వాళ్లు, వేడి టీ... కింద గీత గీసి, కూడి, కాగితం నా వైపు తిప్పారు. 80 వేలు. మా సినిమా మొత్తానికి ఉన్నది 4 లక్షల 80 వేలు. అంటే ఆరో వంతు ఆ ఒక్క వాక్యమే మింగేస్తోంది!

అసలు నేనక్కడికి ఎందుకెళ్లానో చెప్పాలి. ఓ వారపత్రికలో వచ్చిన నా కథని అరగంట సినిమాగా తీస్తామని నలుగురు కుర్రాళ్లు మా ఇంటికొచ్చారు. నలుగురూ తలా కొంత వేసుకున్న డబ్బు. కథ జరిగేది మా పుట్టింటి ఊరిలాంటి ఊళ్లోనే. తెనాలికి 14 కిలోమీటర్ల దూరంలో మా పెద్దనాన్నగారి పెంకుటిల్లు ఖాళీగా ఉంది. అద్దె కలిసొస్తుందని అది చూపించాను. 2025 ఫిబ్రవరిలో నాలుగు రోజుల షూటింగు. హైదరాబాదులో చాలా ఏళ్లు ప్రొడక్షన్ మేనేజరుగా చేసి, సొంతూరు వచ్చేసిన పెద్దాయన ఒకరు వాళ్లకి సాయం చేస్తున్నారు. మోకాళ్ల నొప్పులు. రాసిపెట్టడానికి, అటూ ఇటూ తిరగడానికి మనిషి కావాలన్నారు. ఇల్లు మాదే, ఊరు మాదే, కథ నాదే. ఇంకెవరు దొరుకుతారు చెప్పండి?

"నువ్వు షూటింగు చూడ్డానికి వెళ్తున్నావా, చెయ్యడానికి వెళ్తున్నావా?" అన్నారు మావారు. నాకే తెలీదు!

రంగు పెన్సిళ్లతో కథ చదివితే...

షూటింగుకి మూడు వారాల ముందే నా చదువు మొదలైంది. స్క్రిప్టు చేతికిచ్చి, పక్కన మా పెద్దాడి రంగు పెన్సిళ్ల డబ్బా పెట్టించారు మేనేజర్‌గారు. మనుషులకి ఒక రంగు, బట్టలకి ఒకటి, ప్రాపర్టీకి ఒకటి, బండ్లకి, జంతువులకి, తినే వస్తువులకి ఇంకొకటి. ప్రాపర్టీ అంటే ఆస్తి అనుకునేరు! సీన్లో కనిపించే బిందె నుంచి గోడ గడియారం దాకా అన్నీ ప్రాపర్టీయే. వాక్యం వాక్యం చదువుతూ గీతలు గీయాలి. దీన్ని బ్రేక్‌డౌన్ అంటారు.

నా కథని నేనలా ఎప్పుడూ చదవలేదు. "బర్రె తల తిప్పి చూసింది" అని రాశాను. ఆ బర్రె ఎవరిది? పొద్దున్న మేతకి తోలుకెళ్లిపోతే ఎలా? లైట్లకి బెదిరితే? "అత్తగారు పులిహోర కలుపుతోంది." ఎన్నిసార్లు కలపాలి? నాలుగు టేకులంటే నాలుగుసార్లు ఒకేలా ఉండే అన్నం కావాలి. వెరసి రెండు కిలోల బియ్యం!

అన్నిటికంటే నన్ను ఆపేసింది పాప. కథలో ఆరేళ్ల పాప దాదాపు ప్రతి సీన్లో గుమ్మంలో కూర్చుని ఉంటుంది. "పిల్లలకి లెక్క వేరమ్మా" అన్నారాయన. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక, 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం పిల్లల్ని నటింపజేయాలంటే నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలకి మించి పనిచేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వాళ్ల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరునే బ్యాంకులో డిపాజిట్ చెయ్యాలి. టీవీలో చిన్నపిల్లలు ముద్దుముద్దుగా మాట్లాడుతుంటే మురిసిపోతాం గానీ ఈ లెక్కలు మనకెవరు చెప్పారు? నాలుగు సీన్లలోంచి పాపని నేనే తీసేశాను. కష్టమేమీ అనిపించలేదు. తల్లి లోపల్నుంచి "లోపలికి రా అమ్మడూ" అని పిలిస్తే చాలు, పాప ఉన్నట్టే.

ఇక సీన్లని వరసగా తియ్యరన్న సంగతి మీకూ తెలిసే ఉంటుంది. ఆ వరస ఎలా పుడుతుందో మాత్రం నేనప్పుడే చూశాను. ఒక్కో సీనుకి ఒక్కో కాగితం ముక్క. పగలు ఇంట్లో అయితే తెలుపు, పగలు బయట పసుపు, రాత్రి ఇంట్లో నీలం, రాత్రి బయట ఆకుపచ్చ. పెద్ద సినిమాల వాళ్లకి దీనికి కంప్యూటర్ ప్రోగ్రాములున్నాయి. మాకు మా డబుల్‌కాట్ మంచం ఉంది! దుప్పటి మీద ముక్కలు పరిచి, జరుపుతూ, మళ్లీ జరుపుతూ రెండు రాత్రులు కూర్చున్నాను. స్క్రిప్టు పేజీని ఎనిమిది భాగాలుగా లెక్కేస్తారు. పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం. కాబట్టి ఒక సీను ఎనిమిదింట మూడు, మరొకటి పేజీంబావు... రోజుకి మా కెమెరా ఎనిమిది పేజీలు లాగగలదా లేదా అన్నది ఆ కూడికలోనే తేలుతుంది. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డిగారు రిహార్సల్సులోనే స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి లెక్కగట్టేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారట. మేనేజర్‌గారు ఆ మాట చెప్పేటప్పుడు దేవుడి కథ చెబుతున్నట్టు చెప్పారు.

అత్తగారి వేషం వేసే ఆవిడ కాల్షీటు రెండు రోజులే. దాంతో ఆవిడ చచ్చిపోయే సీను మొదటి రోజు పొద్దున్నే పెట్టాల్సొచ్చింది. మధ్యాహ్నం ఆవిడే లేచి కోడలికి ముహూర్తం చీర పెట్టింది! మొత్తం రాత్రి సీన్లు అయిదున్నాయి. రాత్రి పని అంటే జనరేటర్, అదనపు బేటా, మర్నాడు ఆలస్యం. ఇంట్లో జరిగే మూడింటిని పగలే తీసేశాం. కిటికీలకి బయట్నుంచి నల్లగుడ్డ బిగిస్తే సరి. అన్నట్టు, సీరియల్సులో ఇంటిల్లిపాదీ ఎప్పుడు చూసినా హాల్లోనే నిలబడి ఎందుకు వాదించుకుంటారో కూడా తెలిసింది. ఒక్కసారి లైట్లు అమర్చుకుంటే నాలుగు ఎపిసోడ్ల హాలు సీన్లు వరసగా లాగేయొచ్చు. వంటింట్లోకి వెళ్లి తగువులాడుకుంటే ఆ లైట్లన్నీ మోయాలి మరి!

ఇంటి లెక్క, అక్కడి లెక్క

ఇదంతా నాకు ఆశ్చర్యంగా సులువనిపించింది. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా కలిగింది. తద్దినం నాడు మడివంట ఒక పొయ్యి మీద, పిల్లల టిఫిన్ మరో పొయ్యి మీద పెట్టి, భోక్తలొచ్చేసరికి విస్తళ్లు పరిచే మనకి ఇదొక లెక్కా? ఇరవై ఎనిమిది మందికి భోజనాలు మా ఊళ్లో వంటవాళ్లతో మాట్లాడితే, తెనాలి హోటలు ధరకంటే రోజుకి రెండు వేలు మిగిలాయి. బిందెలు, పీటలు, దీపపు సెమ్మెలు ఇంటింటికీ తిరిగి తెచ్చాను. ఏది ఎవరిదో చీటీ అంటించాను. ఒక్క గ్లాసు పోలేదు. అందరూ మెచ్చుకుంటుంటే ఇంకా మిగిల్చాలన్న ఉబలాటం పట్టుకుంది. రెండో రోజు రాత్రికి రాసి ఉన్న రెండో కారు కొట్టేశాను. ఒక్క కారు రెండు ట్రిప్పులు వేస్తే సరిపోతుంది కదా! పద్దెనిమిది వందలు మిగులు.

ఆ రాత్రి ప్యాకప్ చెప్పేసరికి పదకొండున్నర. ఆర్టిస్టుల్ని దింపడానికి కారు గుంటూరు వెళ్లింది. సామాన్లు లెక్క చూసుకుని పన్నెండున్నరకి నేను బయటికొస్తే, వీధి అరుగు మీద హెయిర్‌డ్రెస్సర్ కూర్చుని ఉంది. ఒళ్లో పెట్టె. ఆవిడది తెనాలి.

"ఇక్కడ కూర్చున్నారేంటండీ?"

"కారొస్తుందన్నారు మేడమ్. పర్లేదు, అలవాటే."

చుట్టూ చీకటి. వీధి చివర కుక్కలు. ఆవిడ ఫోన్‌లో అప్పటికే ఇంట్లో ఉన్న కూతురితో రెండుసార్లు మాట్లాడిందట, తలుపు గడియ వేసుకుని పడుకోమని. కారు వచ్చేసరికి రెండు దాటింది. అప్పటిదాకా నేనూ ఆ అరుగు మీదే కూర్చున్నాను. తెనాలి దాకా తోడు వెళ్లి దింపొచ్చాను. కానీ "అలవాటే" అన్న ఆ మాట నాతోపాటే తిరిగొచ్చింది. నేను మిగిల్చాననుకున్న పద్దెనిమిది వందలు ఎక్కడివో తెలిసింది. ఆవిడ జేబులోంచి తీశాను. ఇంట్లో కూర చాలకపోతే మనం పెరుగన్నంతో సర్దుకుంటామే, అదే పని అక్కడ చేశాను. కాకపోతే సర్దుకున్నది నేను కాదు.

ఒక్కటి తెలిస్తే ఇంకొకటి కనిపిస్తుంది. మూడో రోజు చూస్తే ఆడవాళ్లం ఆరుగురం మధ్యాహ్నం దాకా మంచినీళ్ల జోలికే పోవట్లేదు. ఆ ఇంటికి పెరట్లో ఒకటే దొడ్డి, దాని ముందు ఇరవై రెండుమంది మగవాళ్లు. నాకు ఇబ్బంది తెలీలేదు. ఎలా తెలుస్తుంది? పక్కింటి పిన్ని వాళ్లింటికి చనువుగా వెళ్లొచ్చేదాన్ని! బర్రె మేతకి కూడా పద్దు రాసిన మనిషిని, దీనికి రాయలేదు. కేరళలో సినిమా ఆడవాళ్ల పరిస్థితి మీద 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చింది కదా. లొకేషన్లలో మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు లేక ఆడవాళ్లు నీళ్లు తాగకుండా ఉంటున్నారని అందులో ఉంది. పేపర్లో చదివి అయ్యో అనుకున్నాను. ఆర్నెల్లయినా కాలేదు, మా పెరట్లో అదే జరుగుతోంది, అదీ నా జమాఖర్చులో!

మేనేజర్‌గారికి రెండూ చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన పుస్తకం తెరిచి, ఖర్చుల పట్టికలో కింద రెండు గీతలు గీశారు. 'రాత్రి దింపడం – ఆడవాళ్లు.' 'బాత్రూము – వేరుగా.' కాసేపాగి, "మేమూ ఎప్పుడూ రాయలేదమ్మా ఇవి" అన్నారు. పిన్ని వాళ్లకి రోజుకి అయిదొందలు అద్దె ఇచ్చి, ఆడవాళ్లందరికీ ఆ ఇల్లు ఏర్పాటు చేశాం. డబ్బు ఎక్కడిదంటారా? బడ్జెట్టులో పదో వంతు అనుకోని ఖర్చులకని ఆయన మొదటే పక్కన పెట్టించారు. నేనది ముట్టుకోకూడదనుకుంటూ వచ్చాను, పోపులడబ్బాలో దాచిన నోటులా.

ఇంతకీ వాన ఏమైంది?

కురిసింది. పెంకుల మీద ఇద్దరు ప్రొడక్షన్ కుర్రాళ్లు, చిల్లులు పొడిచిన పైపు, డ్రమ్ములతో నీళ్లు. చూరు మాత్రం ధారలుగా కారింది. గుమ్మంలో తడిసిన గొడుగు, తలుపు తీసుకుని వచ్చిన మనిషి ముఖం మీద నీళ్లు. మిగతాదంతా తర్వాత చప్పుడు కలిపారు. ఆరు వేలయింది. నాకైతే బాగానే ఉందనిపించింది. సినిమా చూసి మా అత్తగారు "వాన ఏదే?" అన్నారు. ఆవిడ మాటలోనూ నిజం లేకపోలేదు.

ఈ పని పద్ధతిగా నేర్చుకోవాలనుకునే అమ్మాయిలకి దారులున్నాయి. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా, టీవీ నిర్మాణానికే ప్రత్యేకంగా ఒక కోర్సు ఉంది. ఇక మనలో రాసేవాళ్లకి ఇది దూరమని ఎందుకనుకోవాలి? అత్తగారి కథలు రాసిన భానుమతిగారే 'చండీరాణి'ని 1953లో తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ దర్శకత్వం వహించి తీశారు. ఆ కథలు చదివి నవ్వుకున్నానే గానీ, మూడు భాషల ఆర్టిస్టుల కాల్షీట్లు ఎలా కుదిరాయో అని ఆలోచించడం ఈమధ్యే మొదలైంది.

ఆఖరి రోజు రాత్రి బేటాలు పంచాలి. లైట్‌మెన్, మేకప్, టీ కుర్రాడు, బర్రె యజమాని... పేరు, రోజులు, మొత్తం, సంతకం. ఇరవై ఎనిమిది పేర్లు శుభ్రంగా రాసి ఇచ్చాను. మేనేజర్‌గారు పై నుంచి కిందకి వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లి ఆగారు.

"మీ పేరేదమ్మా?"

"నాకెందుకండీ... కథకి ఇచ్చారుగా."

"కథకి ఇచ్చింది కథకి. మూడు వారాలు ఈ పని చేసిందెవరు?"

కాగితం తీసుకుని ఇరవై తొమ్మిదో పేరుగా నాది రాశాను. ఎదురుగా అంకె వెయ్యడానికి చెయ్యి రాలేదు. చివరికి మూడు వేలని వేశాను. ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని, అది కొట్టేసి, పక్కన పన్నెండు వేలని వేసి, సంతకానికి కాగితం మళ్లీ నా ముందుకి తోశారు.