నడకయు మనశ్శాంతియు

తెలుగుదేశమున ఏ పట్టణమునకు పోయినను, తెలతెలవాఱుచుండగా ఉద్యానవనముల చుట్టును, చెరువుగట్లమీదను, కళాశాలల మైదానములయందును నడచువారు గుంపులు గుంపులుగా కనబడుచుందురు. హైదరాబాదున కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనము చుట్టునున్న బాటమీదను, విశాఖపట్టణమున రామకృష్ణా బీచి ఒడ్డునను ఆ వేళ కూడు జనమును చూచినవారికి మన ప్రజలలో ఆరోగ్యచింత మెండుగా కలిగినదని తోచక మానదు. వారిలో ఎవరినైనను ఆపి, ఏల నడచుచున్నారని అడిగినచో, "షుగరొచ్చిందండీ, డాక్టరుగారు నడవమన్నారు" అనియో, "బీపీ ఉంది కదండీ" అనియో ప్రత్యుత్తరము వచ్చును. మనస్సు కుదుటపడుటకై నడచుచున్నానని చెప్పువారు అరుదు. రక్తములోని చక్కెరను కొలుచుటకు యంత్రములున్నవి గనుక అది తగ్గిన సంగతి కాగితముమీద కనబడును. దిగులు ఎంత తగ్గినదో, ముందురాత్రి నిద్రపట్టనీయని చింత ఎంత పలుచబడినదో చూపు కాగితము లేదు. ఆ కారణముచేత నడకవలన మనస్సునకు కలుగు మహోపకారము లెక్కలోనికి రాకుండ పోవుచున్నది. శరీరమునకు కలుగు లాభముకంటె ఇది ఏమాత్రమును తక్కువది కాదనియు, పెక్కుమంది విషయమున ఇదియే ముఖ్యమైనదనియు నా విశ్వాసము.

దుఃఖము కలిగించు సంఘటన ఒక్కసారియే జరుగును. దానిని తలచుకొనుట మాత్రము నూఱుసార్లు జరుగును. పై అధికారి పదిమందిలో అన్న మాట, అన్నదమ్ముల నడుమ ఆస్తి పంపకమున వచ్చిన పొరపొచ్చెము, విదేశమున నున్న కుమారుడు రెండు వారములుగా ఫోను చేయకపోవుట, ఇట్టిదేదో ఒకటి మనస్సున నాటుకొనినచో, కుర్చీలో కూర్చున్నను, మంచముమీద మేను వాల్చినను, అదియే తిరిగి తిరిగి వచ్చి, పరిష్కారమును చూపక, ఉన్న శక్తిని హరించుచుండును. ఈ చర్వితచర్వణము దీర్ఘకాలము సాగినచో విషాదరోగమునకు దారితీయునని మనస్తత్త్వవేత్తలు చెప్పుదురు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున గ్రెగరీ బ్రాట్‌మన్ అను పరిశోధకుడును ఆయన సహచరులును 2015లో ప్రకటించిన పరిశోధన ఇచ్చట గమనింపదగినది. మానసిక వ్యాధులేవియు లేని 38 మంది నగరవాసులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టువారిని గడ్డిమైదానమును ఓకు చెట్లును గల చోటను, రెండవ జట్టువారిని వాహనములు రొదచేయుచు పోవు పెద్ద రహదారి ప్రక్కను 90 నిమిషములసేపు నడువనిచ్చి, నడకకు ముందును తరువాతను వారి మెదడులను చిత్రించి చూచిరి. చెట్ల నడుమ నడచినవారిలో చర్వితచర్వణము తగ్గినది. అట్టి చింతవేళ చుఱుకుగా పనిచేయు మెదడుభాగము, నుదుటి వెనుక లోతుననుండునది, శాంతించినది. రహదారి ప్రక్క నడచినవారియందు ఈ మార్పు కానరాలేదు. ఫుట్‌పాత్‌లను అంగళ్లకును మోటారుసైకిళ్లకును విడిచిపెట్టి, ఉన్న చెట్లను రోడ్డు వెడల్పునకై కొట్టివేయించుచున్న మన పురపాలకులకు ఈ సంగతి ఎవరైనను గట్టిగా చెప్పవలసియున్నది.

చెట్లనీడ దొరకనివారు నిరాశపడనక్కఱలేదు. నడక మనస్సునకు మేలుచేయు మార్గములు మఱికొన్ని కలవు. మెదడులో కాలగతిని కనిపెట్టియుండు చిన్న కేంద్రమొకటి ఉన్నది. ఉదయపు వెలుతురు కంట పడినప్పుడు అది తన గడియారమును సరిదిద్దుకొనును. అందువలన రాత్రి సకాలమున మెలటోనిన్ అను ద్రవ్యము స్రవించి నిద్ర వచ్చును. నిద్రలేమి ఎంత చిన్న మాటనైనను పెద్ద గాయముగా మార్చునో అనుభవించినవారికి చెప్పనక్కఱలేదు. ఆందోళనతో బాధపడువారి కొక విశేషలాభము కూడ కలదు. వారికి గుండె దడయే ఒక భయము. దడ పుట్టగానే ఏదో ప్రమాదము ముంచుకొని వచ్చుచున్నదని బెదరి, ఆ బెదురుచేత దడను మఱింత పెంచుకొందురు. చుఱుకుగా నడచునప్పుడు గుండె వేగముగా కొట్టుకొనును, చెమట పోయును, ఊపిరి బరువగును, ప్రమాదమేదియు జరుగదు. కొన్నాళ్లు ఇట్లు గడచిన పిమ్మట, గుండె వేగముగా కొట్టుకొనినంత మాత్రమున కీడు మూడదని ఆ శరీరము తనంత తాను నేర్చుకొనును. ఎంతటి హితబోధయైనను ఈ పాఠమును ఇంత బాగుగా చెప్పజాలదు.

వ్యాధి ముదిరినవారి విషయమున కూడ పరీక్షలు జరిగినవి. అమెరికాలోనే డ్యూక్ విశ్వవిద్యాలయమున జేమ్స్ బ్లూమెంథాల్ బృందము, తీవ్ర విషాదరోగముగల 156 మందిని, ఏబది యేండ్లును అంతకు మించిన వయస్సును గలవారిని, మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు సెర్ట్రలీన్ అను ఔషధమును, ఒక జట్టుకు వారమునకు మూడుసార్లు నడకయో మెల్లని పరుగో గల వ్యాయామమును, మూడవ జట్టుకు రెండింటిని ఇచ్చి, 16 వారములు పరిశీలించి, 1999లో ఫలితములను ప్రకటించినది. ఔషధము తొలివారములలో త్వరగా గుణమిచ్చినది. గడువు తీరునాటికి మూడు జట్లవారును ఇంచుమించు సమానముగనే కోలుకొనిరి. ఇక జ్ఞాపకశక్తి మాట: మెదడులో దానికి ఆటపట్టయిన హిప్పోక్యాంపస్ అను భాగము వయస్సు మీఱినకొలది కృశించుచుండును. సంవత్సరముపాటు వారమునకు మూడుమార్లు 40 నిమిషములు నడచిన వృద్ధులలో ఆ భాగము 2 శాతము పెరిగినట్లు 2011లో కిర్క్ ఎరిక్సన్ మొదలగువారు చూపిరి.

బౌద్ధ భిక్షువులు ధ్యానమును ఆసనమునకు మాత్రమే పరిమితము చేయలేదు. ఒక నియతమైన బాటమీద ఇటునటు మెల్లగా నడచుచు చిత్తమును నిలుపుకొను చంక్రమణ మనునది వారి దినచర్యలో భాగము. దానివలన ఐదు ప్రయోజనములు కలుగునని అంగుత్తరనికాయమున చెప్పబడినది: దూరప్రయాణమునకు ఓపిక, సాధనకు శక్తి, ఆరోగ్యము, తిన్నది జీర్ణమగుట, కడపటిది, నడకలో కుదిరిన ఏకాగ్రత చిరకాలము నిలుచుట. అమరావతి మహాచైత్యము చుట్టును ప్రదక్షిణపథము ఏర్పఱచిన మన పూర్వులకు పాదములకును చిత్తమునకును గల ఈ సంబంధము అపరిచితము కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలము కొండచుట్టు 32 కిలోమీటర్లు నడచువారియందును, అలిపిరినుండి 3,550 మెట్లెక్కి తిరుమల చేరువారియందును కనబడు తేలికదనమునకు భక్తియే ప్రధానకారణమైనను, నడకకును అందు కొంత పాలు గలదని నేను భావింతును.

రోజునకు పదివేల అడుగులు వేసి తీరవలెనను నియమమును పెక్కుమంది పట్టుకొని, అది తీరని నాడు దిగులుపడుచున్నారు. ఆ సంఖ్య 1965లో జపానున అమ్మిన అడుగులు లెక్కించు యంత్రము పేరునుండి వ్యాపించినది. లక్షా తొంబదివేల మందికి పైగా గల పూర్వపరిశోధనలను సమీకరించి 2022లో ప్రకటించిన ఒక విశ్లేషణ ననుసరించి, వారమునకు రెండున్నర గంటలు చుఱుకుగా నడచినంత శ్రమ చేయువారికి, ఏమియు చేయనివారికంటె విషాదరోగము వచ్చు అవకాశము 25 శాతము తక్కువ. అందులో సగము చేసినవారికే 18 శాతము తక్కువ. అనగా దినమునకు పది పదునొకండు నిమిషములే ఆ 25 శాతపు మేలులో పెద్దపాలును తెచ్చుచున్నవి. నడచుచున్నంతసేపును చెవిలో ఫోను పెట్టుకొని స్థలముల ధరలను, ఆఫీసు తగవులను మాటలాడువారు కాళ్లకు మాత్రమే వ్యాయామమిచ్చి మనస్సును ఇంటికంటె ఇఱుకైన చోట ఉంచుచున్నారు. "ఇంట్లో పొద్దస్తమానం తిరుగుతూనే ఉన్నాంగా" అను ఇల్లాండ్ర మాట మఱియొకటి. వంటింటికిని పెరటికిని నడుమ తిరుగుటలో శ్రమ ఉన్నది గాని, చింతలు విడుచు వ్యవధి లేదు. వారికే ఇట్టి నడకకు తీరిక అందఱికంటె ఎక్కువ అవసరము. దానిని వారికి సమకూర్చవలసిన బాధ్యత ఇంటిలోని మగవారిది.

నడక సర్వరోగనివారిణి యని చెప్పుట నా యుద్దేశము కాదు. విషాదము గాఢమైనవానికి మంచము దిగుటయే కొండ యెక్కుట. అట్టివానితో "లేచి అలా నడిచి రారాదూ" అని తేలికగా అనుట క్రౌర్యము. నిద్రాహారములు మాని, బ్రతుకుమీద విరక్తి పలుకువారిని ఆలసింపక వైద్యునికడకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ఏ వేళనైనను ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. వైద్యుడిచ్చిన మందు మానకుండగనే, సాయంవేళ ఇంటివారిలో ఒకరు చెప్పులు తొడుగుకొని, "పద నాన్నా, నేనూ వస్తా" అని వెంట నడచి, వీధి మొగవఱకు పోయి రావచ్చును. మాటలాడుట అతని కిష్టము లేనిచో మాటలాడనక్కఱలేదు.