తిత్తి కట్టిన కారు

కొన్నాళ్ల క్రిందట నా పాత శిష్యుడొకడు మా యింటికి వచ్చి రెండు ధరల పట్టికలు నా ముందు పరచెను. రెండును ఒకే కారువి. ఒకటి చౌకరకము, రెండవది అదే కారులో వేగము గల రకము, కంపెనీవారే టర్బోచార్జరు అమర్చి అమ్మునది.

"మాస్టారూ, రెండింటికీ తేడా ఆ టర్బో ఒక్కటే గదండీ! చౌకది కొని, బయట మెకానిక్కు చేత టర్బో పెట్టించుకుంటే తేడాలో సగం డబ్బు మిగులుతుంది. మీరేమంటారు?" అని అడిగెను.

నేను భౌతికశాస్త్రము చెప్పినవాడనే గాని కార్లు బాగుచేసినవాడను గాను. అయినను ఆ ప్రశ్న నాకు క్రొత్తది కాదు. దాదాపు నూరేండ్ల క్రిందట ఇంగ్లండులో ఒక కార్ల కంపెనీ ఇదే ప్రశ్న మీద రెండు పక్షములుగా చీలినది. వాదమునకు తీర్పు 1930లో ఫ్రాన్సు దేశపు రహదారి మీద జరిగినది. ఆ కథయే వానికి చెప్పితిని.

ముందుగా తిత్తి సంగతి. కమ్మరి కొలిమిలో బొగ్గు ఊరక ఉన్నపుడు మెల్లగా కాలును. తిత్తి నొక్కగానే భగ్గుమనును. పెరిగినది బొగ్గు కాదు, గాలి. కారు ఇంజినుకును ఇదే న్యాయము. పిస్టను క్రిందికి దిగునపుడు సిలిండరులోనికి గాలిని తోయునది మన నెత్తిమీది వాతావరణమే. చదరపు సెంటీమీటరుకు దాని బరువు ఇంచుమించు 1 కిలోగ్రాము. ఆ బరువు తోసినంత గాలియే లోనికి పోవును. ఆ గాలికి సరిపడిన పెట్రోలే కాలును. శక్తి పెరుగవలెనన్న సిలిండర్లనైనను పెద్దవి చేయవలెను, లేదా ఉన్నవానిలోనికే గాలిని బలవంతముగా క్రుక్కవలెను. క్రుక్కు యంత్రమును ఇంజినే త్రిప్పినచో అది సూపర్‌చార్జరు. బయటికి పోవు వేడి పొగ త్రిప్పినచో టర్బోచార్జరు. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన గాలియంత్రము ఇనుము కరగించు కొలుములకు తిత్తిగా పనిచేసెను. పిమ్మట అదే కారెక్కినది. కనుక నా ఉపమానము కల్పన కాదు.

అయితే గాలిని నొక్కిన వేడెక్కును. సైకిలు పంపు అడుగుభాగమును పట్టుకొని చూచిన ప్రతి విద్యార్థికి ఈ సంగతి తెలియును. వేడెక్కిన మిశ్రమము సమయము కాకముందే అంటుకొని పిస్టను నెత్తిన సమ్మెటపోటు వేయును. ఆ పోటు కడ్డీలకు, బేరింగులకు పాకును. పుట్టిన వేడిని నూనె, నీరు మోసికొని పోవలెను. తిత్తి ఒక్కటే చేర్చితిమనుకొందుము గాని, దాని బరువు ఇంజినులోని ప్రతి ముక్క మీదను పడును.

ఇక కథ. వాల్టర్ ఓవెన్ బెంట్లీ రైల్వే కర్మాగారములో పని నేర్చినవాడు. మొదటి ప్రపంచ యుద్ధమున విమానపు ఇంజినులకు అల్యూమినియము పిస్టనులు పెట్టించి పేరు తెచ్చుకొనెను. 1919లో కార్ల కంపెనీ స్థాపించెను. ఆయన 4½ లీటర్ల కారు 1928లో లెమాన్ 24 గంటల పందెము గెలిచినది. కాని పోటీదారుల వేగము పెరుగుచుండెను. ఏమి చేయవలెను? బెంట్లీ సమాధానము సూటిగా నుండెను: ఇంజినును పెద్దది చేయుడు. ఆ తలంపు నుండి 6 సిలిండర్లు, 6½ లీటర్లు గల స్పీడ్ సిక్స్ పుట్టెను.

ఆయన కార్లనే నడుపు టిమ్ బిర్కిన్ దీని కొప్పుకొనలేదు. ఈతడు యుద్ధకాలపు వైమానికుడు, సాహసి. 4½ లీటర్ల కారుకే సూపర్‌చార్జరు బిగించిన పెద్ద ఇంజిను బరువు లేకయే దాని శక్తి వచ్చునని అతని వాదము. యాంహర్‌స్ట్ విల్లియర్స్ అను ఇంజనీరు చేత యంత్రమును రూపొందింపజేసెను. వెల్విన్ పట్టణమున కర్మశాల పెట్టెను. సొంత సొమ్ము చాలక డొరొతీ పాజెట్ అను ధనిక యువతి సాయము పొందెను. బెంట్లీకి ఈ పని ఎంతమాత్రము నచ్చలేదు. తన ఇంజిను స్వభావమునకే ఇది విరుద్ధమని ఆయన అభిప్రాయము. కాని కంపెనీకి పెట్టుబడి పెట్టిన అధ్యక్షుడు, వజ్రపు గనుల వారసుడు వుల్ఫ్ బార్నాటో, బిర్కిన్ పక్షము వహించెను. లెమాన్‌లో ప్రవేశము కొరకు అట్టి కార్లు 50 తయారు చేయవలసి వచ్చెను. సృష్టికర్తకు ఇష్టము లేని వస్తువును ఆయన కర్మాగారమే ఏబది మారులు చేయుట ఎట్టి అనుభవమో ఊహించుకొనుడు!

ఇంజినులో సూపర్‌చార్జరుకు చోటు కల్పించుటకు బెంట్లీ సమ్మతింపలేదు. అందుచేత దానిని రేడియేటరుకు ముందు, క్రాంక్‌షాఫ్టు కొనకు తగిలించిరి. నోట కుండ కరచుకొన్న కుక్కవలె ఆ కారు కనబడును. ముందు భాగము బరువెక్కుటచే మలుపులలో తిన్నగా పోవుటకే మొగ్గు చూపెడిది.

అయినను శక్తి వచ్చిన మాట వాస్తవము. విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. మామూలు 4½ లీటర్ల కారుకు సుమారు 110 అశ్వశక్తి. ఇంజిను కొలత సరిగా 4.4 లీటర్లు గనుక లీటరుకు 25. పందెపు స్పీడ్ సిక్స్‌కు 6.6 లీటర్లకు సుమారు 200, అనగా లీటరుకు 30. బిర్కిన్ పందెపు కారుకు ఆ 4.4 లీటర్లకే సుమారు 240, లీటరుకు 54! లోపలి భాగములు కొన్ని బలపరచిన మాట నిజమే. అయినను 25 మోయుటకు పుట్టినదానిని 54 మోయుమనిరి.

1930 జూన్ 21. లెమాన్‌లో బెంట్లీలకు ప్రధాన శత్రువు ఒకే ఒక మెర్సిడెస్. దానిని నడిపినవాడు జర్మనీ వీరుడు కరచ్చోలా. ఆ కారుకును సూపర్‌చార్జరు కలదు గాని, డ్రైవరు పెడలును అడుగంట నొక్కినపుడే అది పనిచేయును. ఎడతెగక వాడుటకు తగదు. పందెము ఆరంభమైన కొలది సేపటికే బిర్కిన్ దానిని వెంటాడెను. పొడవైన తిన్నని దారిలో, గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగమున, చక్రములు గడ్డిమీదికి దిగగా మెర్సిడెస్‌ను దాటిపోయెను. ఆ సమయమున అతని టైరు పైపొర చీలి ఊడిపోవుచుండెను! అంతటి సాహసము చదువునపుడు నావంటి వృద్ధునికి కూడ గుండె కొట్టుకొనును.

రాత్రి మెర్సిడెస్ చెడి తప్పుకొనెను. మరునాడు బిర్కిన్ పక్షపు రెండు సూపర్‌చార్జరు బెంట్లీలును ఇంజినులు చెడి నిలిచిపోయెను. బార్నాటో, కిడ్‌స్టన్ నడిపిన స్పీడ్ సిక్స్ 2,930 కిలోమీటర్లు పరుగెత్తి గెలిచినది. మరియొక స్పీడ్ సిక్స్ రెండవది. వింత యేమనగా, బిర్కిన్‌కు మద్దతిచ్చిన బార్నాటో తాను ఎక్కినది పెద్ద ఇంజిను కారు!

ఇక్కడితో ఆపినచో బిర్కిన్‌కు అన్యాయము చేసినవారమగుదుము. అదే సంవత్సరము పో నగరమున జరిగిన ఫ్రెంచి గ్రాంప్రీలో, చిన్న చిన్న బుగాటీల నడుమ ఏనుగువంటి ఆ కారును రెండవ స్థానమునకు తెచ్చెను. 1932లో బ్రూక్‌లాండ్స్ వలయమున ఒంటిసీటు బెంట్లీతో ఒక చుట్టును గంటకు 222 కిలోమీటర్ల సగటున పూర్తిచేసి రికార్డు స్థాపించెను. ఒక చుట్టు వేరు, ఇరువదినాలుగు గంటలు వేరు. లోకము ప్రేమించినదియు ఆ ఓడిన కారునే. 1953లో ఇయాన్ ఫ్లెమింగ్ తన జేమ్స్ బాండ్‌కు ఇచ్చినది సూపర్‌చార్జరు బెంట్లీయే, స్పీడ్ సిక్స్ కాదు. కంపెనీ మాత్రము 1931లో దివాలా తీసి రోల్స్‌రాయిస్ చేతిలో పడెను.

ఇంతవరకు విని నా శిష్యుడు, "అయితే గాలి క్రుక్కడమే తప్పంటారా మాస్టారూ?" అనెను. కాదు. ఆ సంగతి రుజువు చేసినవాడును బిర్కినే. 1931లో అతడు హౌ ప్రభువుతో కలిసి ఇటలీవారి ఆల్ఫా రోమియోలో లెమాన్ గెలిచెను. దాని ఇంజిను 2.3 లీటర్లే, బెంట్లీలో సగము కంటె కొంచె మెక్కువ. దానికిని సూపర్‌చార్జరు కలదు! కాని విత్తోరియో యానో ఆ ఇంజినును సూపర్‌చార్జరుతోనే భావించి గీసెను. బిర్కిన్, హౌలు 3,017 కిలోమీటర్లు నడిచిరి. ఆ పందెమున 3,000 దాటుట అదియే ప్రథమము.

నేడు కంపెనీవారు అమ్ము టర్బో రకము కూడ సాధారణముగ అట్టిదే. పిస్టనులు, నూనె ప్రవాహము, రేడియేటరు, క్లచ్చి, గేర్లు, పెక్కు కార్లలో బ్రేకులును ఆ శక్తికి తగినట్లు మార్చియుందురు. అవన్నియు ధరల పట్టికలో కనబడవు. టర్బో అను ఒక్క మాటే కనబడును. బయట చేయించువాడు ఇవన్నియు మార్చిన మిగులు మిగులదు. మార్చకున్న ఇంజిను మిగులుట సందేహము. కంపెనీ పూచీ పోవును. పైగా మన దేశమున రిజిస్ట్రేషను పత్రములోని తయారీ వివరములకు భిన్నముగా వాహనమును మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ విభాగము ననుసరించి నిషిద్ధము. వేగము అవసరము లేనివాడు చౌకరకము కొని ఉన్నదున్నట్లు నడుపుకొనుటలో చిన్నతన మేమియు లేదని నా అభిప్రాయము. ఆ మాటయు వానితో అంటిని.

వాడు పట్టికలు మడిచి జేబులో పెట్టుకొని, గుమ్మము దగ్గర ఆగెను.

"బిర్కిన్ డబ్బంతా బెంట్లీకే అయిపోయిందిగదా మాస్టారూ, మరి ఆ ఆల్ఫా ఎలా కొన్నాడండీ?"

"కొనలేదు నాయనా, అది హౌ ప్రభువుది" అంటిని.