కోడ్ కంటే ముందు కాగితం

నేను కొట్పాడ్‌లో పుట్టి పెరిగాను. ఇప్పుడు విశాఖపట్నంలో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తున్నాను. అమెరికా డాక్టర్లు రాసిన నోట్సు చదివి, జబ్బుకు తగిన నంబరు వేయడం మా పని. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడల్లా మనవాళ్ళు ఒక మాట అడుగుతుంటారు: "మా వాడు కుదురుగా కూర్చోడు. డాక్టరుగారు ఏడీహెచ్‌డీ అని రాసి పక్కన ఏదో నంబరు వేశారు. ఏమిటమ్మా అది?"

ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, ఆలోచించకుండా తొందరపడటం ఈ సమస్య లక్షణాలు. అమెరికా మానసిక వైద్యులు 1980లో దీనికి అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్ అని పేరు పెట్టి, 1987లో హైపరాక్టివిటీ అన్న మాట చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదో పట్టికలో దీని కోడ్ ఎఫ్ 90.0. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన పదకొండో పట్టికలో 6ఏ05. అమెరికాలో 2015 అక్టోబరు 1 దాకా 314తో మొదలయ్యే నంబర్లుండేవి. అందుచేత రెండు ఊళ్ళ కాగితాల మీద రెండు నంబర్లు కనిపిస్తే రెండు జబ్బులని కంగారు పడనక్కర్లేదు.

నంబరు కంటే ముఖ్యమైనది డాక్టరుగారు రాసే వివరం. 2013 నాటి అమెరికా ప్రమాణాల ప్రకారం పిల్లల్లో ఏకాగ్రతకు చెందిన తొమ్మిది లక్షణాల్లో గాని, చురుకుదనానికి చెందిన తొమ్మిదింటిలో గాని కనీసం ఆరు, ఆరు నెలలపాటు ఉండాలి. కొన్ని పన్నెండేళ్ళ లోపే కనిపించాలి. ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనా ఉండి, చదువుకో నడవడికో అడ్డు రావాలి. వేరే కారణం లేదని తేల్చుకోవాలి. అమెరికాలో ఔట్ పేషెంటు నోట్సులో "అనుమానం" అని మాత్రమే ఉంటే మేము ఈ జబ్బు కోడ్ వేయకూడదు. ఏకాగ్రత లోపం అనే లక్షణానికి ఉన్న ఆర్ 41.840 వేస్తాం.

ఈ "రెండు చోట్ల" అన్న నియమం మన కుటుంబాలకు మరీ ముఖ్యం. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో దేసియా, బడిలో ఒడియా. ఒకటో తరగతిలో మాట అర్థంకాక కిటికీలోంచి చూసే పిల్లవాడు ఇంట్లో గంటసేపు బొమ్మలు వేస్తూ కూర్చుంటే, ఆ సంగతి డాక్టరుకు తెలియాలి కదా! చెప్పకపోతే కాగితం మీదకు రాదు. చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించాలి.

జయపురం, కోరాపుట్, జగదల్‌పూర్, విశాఖ అంటూ తిరిగే మనకు ఒక ఫైలు తప్పనిసరి. టీచరు గారిచేత తరగతిలో గమనించింది రాయించండి. అది ఒడియాలో ఉంటే, దూరం వెళ్ళేటప్పుడు ఇంగ్లీషులోకి మార్పించి పట్టుకెళ్ళండి. ఇంట్లో గమనించినవి తేదీలతో రాసిపెట్టండి. చీటీలు, పరీక్షల కాగితాలు పారేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రాథమిక వైద్య రికార్డులు పొందే హక్కు ఇచ్చింది. మొహమాటపడకుండా అడగండి.

ఒక్క మాట. కోడ్ పిల్లవాడి జాతకం కాదు. "మా వాడు ఎఫ్ 90" అని చుట్టాల ముందు చెప్పకండి. వాడికి ఏ సాయం కావాలో తరువాతి డాక్టరుకు తెలియడానికే ఆ నంబరు. ఆ సాయం సరిగ్గా అందాలంటే దాని వెనక కాగితం నిజం చెప్పాలి.