కడబంతికి వడ్డన

హొసకోటెలో ఆదివారం తెల్లవారకముందే దమ్ బిర్యానీకి వరసలు కడతారు. విసుగులు తెలుగులోనూ కన్నడంలోనూ వినిపిస్తుంటాయి. మొన్న నా వంతు వచ్చాక యూపీఐ స్కాన్ చేశాను. సిగ్నల్ గీతలన్నీ నిండుగానే ఉన్నాయి, డబ్బు మాత్రం కదలదు. "ఫుల్ సిగ్నల్ ఉంది కదండీ!" అన్నాడు వెనకాయన. అంటూనే తన ఫోన్ తీసి కట్టేశాడు, వెంటనే వెళ్లిపోయింది.

నాది బ్యాంకు సర్వరు తప్పే కావచ్చు. కానీ గీతలు చెప్పేది టవర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందనే. పంక్తిలో ఎందరు కూర్చున్నారో అవి చెప్పవు.

1946లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కారు ఫోన్లు మొదలైనప్పుడు ఊరంతటికీ ఒకేసారి మూడు కాల్సే. మరుసటి ఏడాది డిసెంబరులో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు డి.హెచ్. రింగ్ ఒక ఉపాయం రాసిపెట్టాడు: ఊరిని చిన్న చిన్న గళ్లుగా కోసి, పక్కపక్క గళ్లకు వేర్వేరు ఫ్రీక్వెన్సీలిచ్చి, కొంచెం ఎడంగా మళ్లీ అవే వాడుకోవడం. 'సెల్' ఫోన్ పేరు ఆ గడిదే. తర్వాత వచ్చిన జీఎస్ఎం 200 కిలోహెర్ట్జ్ క్యారియర్‌ను ఎనిమిది కాలపు ముక్కలు చేసి, కాల్‌కొకటి చొప్పున కేటాయించింది. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టినట్టు. మాటలకు అది చాలింది. ఉండుండి వచ్చిపడే డేటాకు చాలలేదు.

అప్పుడు పుట్టింది అసలు వడ్డనగాడు, టవర్ దగ్గరి షెడ్యూలర్. 4జీలో పది మెగాహెర్ట్జ్ క్యారియర్ ఉంటే ప్రతి మిల్లీసెకనుకూ యాభై ముక్కలు దాని చేతిలో ఉంటాయి. తనకు ఎంత బాగా వినిపిస్తోందో ఫోను 0 నుంచి 15 లోపు ఒక అంకెగా చెబుతూ ఉంటుంది. బాగా వినేవాళ్లకే పెడితే టవర్ కింద ఉన్నవాళ్లే తింటారు. అందరికీ సమానంగా పెడితే మొత్తం వడ్డనే నెమ్మదిస్తుంది. కేంబ్రిడ్జి గణితవేత్త ఫ్రాంక్ కెల్లీ 1997లో చెప్పిన అనుపాత న్యాయాన్ని రేడియోకు తెచ్చినవాళ్లు 2000 ప్రాంతంలో క్వాల్‌కామ్ ఇంజనీర్లు. ఈ క్షణాన ఒక ఫోనుకు ఎంత పంపగలమో, ఇంతవరకూ సగటున అందినదానితో భాగించాలి. ఎవరి భాగఫలం పెద్దదైతే వాళ్లకే గరిటె. ఆకలితో ఉన్నకొద్దీ కింది అంకె చిన్నదై, వంతు దగ్గరపడుతుంది. ఇంత చేసీ, గరిటె ఎలా తిప్పాలో ప్రమాణాలు శాసించవు. అది బిర్యానీ మసాలాలాగే తయారీదారుల గుట్టు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ ఎవరూ మనవాళ్లు కారు, పైగా టవర్‌కు దూరంగా ఉన్న కడబంతికి ఇంకో చిక్కుంది: టవర్ అరుపు ఫోనుకు వినిపిస్తుంది, ఫోను గొంతు టవర్‌దాకా చేరదు. మన పల్లెలకు టవర్ల మధ్య ఆరు కిలోమీటర్ల దూరాన్ని లెక్కలోకి తీసుకోవాలని భారత్ పట్టుబడితే, 2017లో అంతర్జాతీయ టెలికాం సంస్థ 5జీ పరీక్షల్లో ఆ కొలతను చేర్చింది. సంగారెడ్డి పక్కన కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్య కిరణ్ కుచి బృందం పనిచేసిన పై-బై-టూ బీపీఎస్‌కే అనే సంకేతాలు పంపే పద్ధతి కూడా 5జీ ప్రమాణంలోకి వెళ్లింది. అందులో తరంగం ఎత్తుపల్లాలు తగ్గుతాయి కనుక, అదే బ్యాటరీతో అదే ఫోను ఇంకొంచెం గట్టిగా అరవగలదు.