ఉబ్బసం ఉంటే నిమ్ము ప్రమాదం తక్కువా?



ఓ.పి. చీటీలోని వివరాలన్నీ ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కుతున్నాయి. "జబ్బు చూపించుకోవడానికి వస్తే ఇన్ని ప్రశ్నలెందుకండీ?" అని మన సంఘంలోని పెద్దలు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇలా చేరిన వేలాది కేస్ షీట్లను కంప్యూటరు చేత చదివించి, ఏ రోగికి ప్రాణాపాయం రావచ్చో ముందుగానే అంచనా వేసే పరిశోధనలు చాలా దేశాలలో జరుగుతున్నాయి. వాటిలో ఒకదాని సంగతి మీకు తప్పక చెప్పాలి.

1990లలో అమెరికా పరిశోధకులు నిమ్ము, అంటే న్యుమోనియా వచ్చిన 14 వేలమందికి పైగా రోగుల రికార్డులను పరిశీలించారు. ఎవరిని ఆసుపత్రిలో చేర్చుకోవాలి, ఎవరికి మాత్రలిచ్చి ఇంటికి పంపవచ్చు అన్నది వారి ప్రశ్న. కంప్యూటరు ఆ లెక్కలన్నీ చదివి ఒక వింత సూత్రం తేల్చింది: ఉబ్బసం ఉన్నవారికి నిమ్ము వస్తే చనిపోయే అవకాశం తక్కువట!

ఆయాసంతో రాత్రంతా కూర్చుని గడిపే మనిషిని చూసినవారెవరూ ఈ మాట నమ్మరు. డాక్టర్లను అడిగితే గుట్టు తెలిసింది. ఉబ్బసం రోగికి నిమ్ము అని తెలియగానే నేరుగా ఐ.సి.యు.లో చేర్చి, గట్టి వైద్యం చేసేవారు. అందువల్లనే వారు ఎక్కువమంది బ్రతికారు. లెక్క తప్పు కాదు. కానీ కంప్యూటరు చూసింది వైద్యం జరిగాక వచ్చిన ఫలితాన్ని. ఆ సూత్రాన్ని నమ్మి ఇంటికి పంపివేస్తే ఏమయ్యేదో ఊహించండి.

మరో ముఖ్య విషయం. అన్నింటికన్నా సరిగ్గా అంచనా వేసిన పద్ధతి వేరొకటి ఉంది. అయితే అది లోపల ఏమి నేర్చుకుందో ఎవరికీ కనిపించదు. ఉబ్బసం లాంటి పొరపాట్లు దానిలో ఇంకెన్ని దాగి ఉన్నాయో తెలియదు గనుక పరిశోధకులు దానిని రోగులపై వాడలేదు. ఇది ఎంతో మంచి నిర్ణయమని మా అభిప్రాయం. వారిలో ఒకరైన రిచ్ కారువానా, తోటివారితో కలిసి, కంప్యూటరు నేర్చుకున్నది డాక్టరు కంటికి కనబడేలా, దిద్దడానికి వీలుగా ఉండే పద్ధతిని 2015లో ప్రచురించారు.

2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకా బాధాకరమైనది. అమెరికాలో వాడుకలో ఉన్న ఒక పద్ధతి, వైద్యానికి అయిన ఖర్చును బట్టి జబ్బు తీవ్రతను కొలిచింది. అంతే జబ్బుతో ఉన్నా నల్లజాతివారి మీద ఖర్చు తక్కువ అయ్యేది. దానితో వారు ఆరోగ్యవంతులుగా లెక్కకు వచ్చారు. ఆ లోపం దిద్దితే, అదనపు సహాయం పొందేవారిలో వారి వాటా 17.7 శాతం నుండి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది. బస్సు ఛార్జీకి వెనుకాడి ఆసుపత్రికి రాని మన పల్లెవాసి గుర్తుకు రావడం లేదా? అతని ఫైలు పలుచగా ఉంటుంది, జబ్బు మాత్రం పలుచన కాదు.

కనుక మీ వంతుగా మేము కోరేది ఇది. ఓ.పి. నంబరు ఒక్కటే ఉంచుకోండి. ఒకరి చీటీ మీద మరొకరు చూపించుకోవద్దు. మధ్యలో ఊళ్ళో వేయించుకున్న ఇంజెక్షను, వాడిన పసరు మందు, మానేసిన షుగరు మాత్ర, ఏదీ దాచకండి. డాక్టరుగారు కోప్పడతారని భయపడవద్దు. ప్రభుత్వపు 14 అంకెల ఆభా నంబరు తీసుకోవడం మీ ఇష్టం. పాత చీటీలు చిరిగినా సరే, సంచిలో వేసుకుని రండి.