విత్తన పళ్లెం తయారీలో సి.ఎన్.సి. యంత్రం: యంత్ర నిరూపకాలు, వర్క్ ఆఫ్‌సెట్లు, సాఫ్ట్ లిమిట్లు

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో యంత్ర భాగాలు తయారుచేసే షెడ్లు, వర్షాధారపు చల్కా నేలలు పక్కపక్కనే కనిపిస్తాయి. ప్లాంటరులోని విత్తన పళ్లెం అరిగినా, కొత్త సంకర రకపు గింజ పరిమాణానికి సరిపోకపోయినా, నైలాన్ పలకపై సి.ఎన్.సి. మిల్లింగ్ యంత్రంతో మరొక పళ్లెం చేయించుకోవచ్చు. అయితే తయారీలో దొర్లిన ఒక మిల్లీమీటరు తేడా పొలంలో సాలు వెంట ఖాళీలుగా బయటపడవచ్చు. అప్పుడు నింద విత్తనం మీదికి పోయే ప్రమాదం ఉంది. కనుక యంత్రం తన స్థానాన్ని ఎలా లెక్కిస్తుందో విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

యంత్ర నిరూపకాలు

యంత్రాన్ని ఆన్ చేసిన తరువాత చేసే మొదటి పని హోమింగ్. ప్రతి అక్షం తన చివర ఉన్న స్విచ్‌ను తాకే వరకు కదులుతుంది. ఆ స్థానం ఆధారంగా ఏర్పడేదే యంత్ర మూలబిందువు. దీనిని తయారీదారు నిర్ణయిస్తాడు; బల్లపై ఏ పలక బిగించినా ఇది మారదు. స్టెప్పర్ మోటార్లతో నడిచే చిన్న యంత్రాలలో విద్యుత్తు పోయి తిరిగి వస్తే ఈ స్థానంపై నమ్మకం పోతుంది. మళ్లీ హోమింగ్ చేయవలసిందే.

ఉదాహరణకు ఎక్స్ అక్షంలో 400, వై అక్షంలో 300 మి.మీ. ప్రయాణం గల యంత్రాన్ని తీసుకుందాం. మూలబిందువు కుడివైపు వెనుక మూలలో ఉంటే బల్లపై ఉన్న అన్ని స్థానాలూ ఋణ సంఖ్యలే అవుతాయి. ఎక్స్ విలువ 0 నుండి -400 వరకు, వై విలువ 0 నుండి -300 వరకు ఉంటుంది.

వర్క్ ఆఫ్‌సెట్

పళ్లెం నమూనాను గీసేవారికి యంత్రపు మూలతో పనిలేదు. వారి కొలతలన్నీ పళ్లెం కేంద్రం నుండే మొదలవుతాయి. యంత్ర మూలబిందువు నుండి పళ్లెం కేంద్రం ఎంత దూరంలో ఉందో తెలిపే విలువే వర్క్ ఆఫ్‌సెట్. దీనిని జి54 నుండి జి59 వరకు ఉన్న ఆరు స్థానాలలో ఒకదానిలో భద్రపరుస్తారు. సూత్రం సులభం: యంత్ర స్థానం = ఆఫ్‌సెట్ + నమూనాలోని స్థానం. నిలువు అక్షంలో దీనికి పనిముట్టు పొడవు సవరణ కూడా చేరుతుంది.

పళ్లెం కేంద్రం యంత్ర నిరూపకాలలో ఎక్స్ -250 వద్ద ఉందనుకుందాం. కేంద్రం నుండి 65 మి.మీ. కుడివైపున ఉన్న గింజ గుంట -185 వద్ద, అంతే దూరంలో ఎడమవైపున ఉన్న గుంట -315 వద్ద తయారవుతాయి. పలకను మరొక చోట బిగిస్తే ప్రోగ్రామును మార్చనక్కరలేదు. ఆఫ్‌సెట్‌ను మార్చితే చాలు.

సాఫ్ట్ లిమిట్

ప్రతి అక్షం ఎంతవరకు కదలగలదో నియంత్రకానికి ముందుగా తెలిపే హద్దు సాఫ్ట్ లిమిట్. అక్షం చివర ఉండే స్విచ్ తాకిన తరువాతనే స్పందిస్తుంది. సాఫ్ట్ లిమిట్ మాత్రం ఆజ్ఞలోని గమ్యస్థానాన్ని లెక్కించి, హద్దు దాటకముందే యంత్రాన్ని ఆపుతుంది. పై పళ్లేన్నే -350 వద్ద బిగిస్తే ఎడమ గుంట -415 వద్దకు వస్తుంది. అది -400 హద్దును దాటుతుంది కనుక యంత్రం అలారం ఇచ్చి ఆగుతుంది. ఇటువంటప్పుడు హద్దు విలువను పెంచడం, రక్షణను తొలగించడం సరికాదు; పలకను జరిపి ఆఫ్‌సెట్ తిరిగి తీసుకోవాలి. హోమింగ్ జరగని యంత్రంలో ఈ హద్దుకు అర్థమే లేదు.

ఇక్కడే ముఖ్యమైన విషయం ఉంది. సాఫ్ట్ లిమిట్ యంత్రాన్ని కాపాడుతుంది, పళ్లేన్ని కాపాడదు. ఆఫ్‌సెట్‌ను -250కి బదులు -249గా తీసుకుంటే గుంటలన్నీ హద్దుల లోపలే ఉంటాయి. అలారం మోగదు, పని సజావుగా ముగుస్తుంది, పళ్లెం మాత్రం తప్పుగా తయారవుతుంది. పలకను పట్టి ఉంచిన క్లాంపు ఎక్కడ ఉందో కూడా ఈ హద్దుకు తెలియదు.

తప్పు ఆఫ్‌సెట్ ఫలితం

ఇరుసు రంధ్రాన్ని ముందే లేతుపై చేసి, గుంటలను మాత్రం సి.ఎన్.సి.పై తొలిచారనుకుందాం. 1 మి.మీ. తేడా వల్ల గుంటల వలయం ఇరుసుకు ఒకవైపు 66, ఎదురువైపు 64 మి.మీ. దూరంలో తిరుగుతుంది. దీనివల్ల గింజల ఎడంలో వచ్చే మార్పు సుమారు 1.5 శాతమే, 20 సెం.మీ. ఎడంలో అది 3 మి.మీ. మాత్రమే. అసలు నష్టం మరొకచోట ఉంది. గుంటలు బ్రష్ కిందికి, జారే రంధ్రం పైకి సరిగా రాకపోతే గింజ పడదు, లేదా నలిగిపోతుంది. నిలువు అక్షపు ఆఫ్‌సెట్ తప్పితే గుంట లోతు మారి, రెండేసి గింజలు పడటమో, గింజ నిలవకపోవడమో జరుగుతుంది.

మొక్కజొన్నను 60×20 సెం.మీ. ఎడంలో విత్తితే హెక్టారుకు 83,333 మొక్కలు ఉండాలి. 24 గుంటలలో రెండు పనిచేయకపోతే ఆ సంఖ్య 76,389కి తగ్గుతుంది. అంటే దాదాపు 6,944 మొక్కల లోటు.

పొలంలో గుర్తించే విధానం

24 గుంటల పళ్లెం ఒక చుట్టు తిరిగేసరికి సాలులో 4.8 మీటర్లు విత్తబడుతుంది. పక్కపక్కనున్న రెండు గుంటలు పనిచేయకపోతే, దాదాపు ప్రతి 4.8 మీటర్లకు ఒకసారి 60 సెం.మీ. ఖాళీ కనిపిస్తుంది. నేలచక్రం జారడం వల్ల ఈ దూరం కొంత మారవచ్చు. ఖాళీలు ఒకే క్రమంలో వస్తూ, అదే విత్తనంతో వేరే పళ్లెం విత్తిన సాలులో అవి లేకపోతే పళ్లేన్ని అనుమానించాలి. ఖాళీలు క్రమం లేకుండా ఉంటే మొలక శాతం, తేమ, విత్తిన లోతు, పురుగుల నష్టం పరిశీలించాలి. రైతు విత్తనంపై ఫిర్యాదు చేసే ముందు టేపుతో చేసే ఈ పరిశీలన ఎంతో ఉపయోగపడుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

ఇరుసు రంధ్రాన్ని, గుంటలను పలక విప్పకుండా ఒకే బిగింపులో, ఒకే ఆఫ్‌సెట్‌తో చేయించాలి. అప్పుడు ఆఫ్‌సెట్ 1 మి.మీ. తప్పినా రెండూ కలిసే జరుగుతాయి కనుక వలయం ఇరుసు చుట్టూ సమంగానే ఉంటుంది. రంధ్రం ముందే ఉంటే డయల్ గేజ్‌తో దాని కేంద్రాన్ని కనుగొని ఆఫ్‌సెట్ తీసుకోవాలి. పనిముట్టు మార్చిన ప్రతిసారి నిలువు కొలతను సరిచూడాలి. మొదట పలక పైభాగానికి కొంత ఎత్తున, కోత లేకుండా ప్రోగ్రామును నడిపి చూడాలి.

పళ్లెం చేతికి వచ్చాక ప్లాంటరుకు అమర్చి, నేలచక్రాన్ని పైకెత్తి, పళ్లెం పది చుట్లు తిరిగేలా చేతితో తిప్పాలి. 240 గింజలు పడాలి. అయితే ఒక గుంటలోని జంట గింజలు మరొక గుంట లోటును కప్పిపుచ్చగలవు. కాబట్టి ఒక గుంటకు రంగు గుర్తు పెట్టి, అక్కడి నుండి ప్రతి గుంటను విడిగా గమనించాలి. తొలకరికి ముందే చేయవలసిన పరీక్ష ఇది. విత్తిన తరువాత లోపం తెలిసినా ఆ అదను తిరిగి రాదు.